ఖరీదైన ట్రంపెట్ కొందామని బయలుదేరాను

రెండేళ్ల క్రితం మా నలుగురి జాజ్ బృందం (క్వార్టెట్) రిహార్సల్ రికార్డింగ్ వింటుంటే మనసు చివుక్కుమంది. నెమ్మదిగా సాగే పాటలో నా ట్రంపెట్ సన్నగా, బొంగురుగా ఉంది. ప్రతి స్వరం మొదట్లో 'ఫ్' అని చిన్న గాలి చప్పుడు. ట్రంపెట్ మార్చాల్సిందే అని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. నాది నేర్చుకునేవాళ్ల కోసం ఫ్యాక్టరీలో తయారయ్యే మామూలు రకం. జాజ్‌కి ఇది చాలదు, ఎంతైనా పెట్టి మంచిది కొనాలి అనుకున్నాను.

కొనేముందు ఒకటి వాయించి చూడమని మా మాస్టారు సలహా ఇచ్చారు. తెలిసిన ఒక సీనియర్ తన ట్రంపెట్‌ను రెండు వారాలకు ఇచ్చారు. దాని ధర నా ట్రంపెట్ ధరకు పది రెట్ల పైనే. మొదటి రోజు నిజంగా పొంగిపోయాను. స్వరం మార్చడానికి నొక్కే వాల్వులు వేలు తగిలితే చాలు దిగుతున్నాయి. పై స్వరాలకు వెళ్లినప్పుడు వెతుక్కోవాల్సిన పని లేదు, స్వరం తన చోట తను కూర్చుంటోంది. ఇంతకాలం నేను పడ్డ కష్టమంతా పరికరం వల్లేనని గట్టిగా నమ్మేశాను.

"సరే, అయితే రికార్డు చెయ్యి" అన్నారు మాస్టారు. అదే గది, అదే మైక్, పెదవులు ఆనించి ఊదే నా మౌత్‌పీస్‌నే రెండింటికీ పెట్టి, 12 బార్ల బ్లూస్ అనే చిన్న జాజ్ వరుసను ఆరుసార్లు వాయించాను. నా దాని మీద మూడు, దాని మీద మూడు. ఫైళ్లకు ఏ పేర్లు పెట్టారో నాకు చెప్పకుండా, వరుస మార్చి వారం తర్వాత వినిపించారు. వాయించింది నేనే, అయినా ఆరింటిలో మూడే సరిగ్గా చెప్పగలిగాను. ఊరికే అంచనా వేసినా సగటున మూడు సరిపోతాయి. పైగా, ఇది కచ్చితంగా ఖరీదైనదే అని నేను పందెం కట్టిన ఫైల్ నా పాత ట్రంపెట్‌ది. గాలి చప్పుడు మాత్రం నా ట్రంపెట్ రికార్డింగుల్లో కొంచెం ఎక్కువగా ఉంది.

ఆ తర్వాతే అసలు విషయం చదవడం మొదలుపెట్టాను. ట్రంపెట్‌లో శబ్దం పుట్టేది పెదవుల దగ్గర. దాదాపు 148 సెంటీమీటర్ల గొట్టంలో ఉన్న గాలి ఆ కంపనానికి తోడవుతుంది. నాదాన్ని మలిచేది ఆ గొట్టం లోపలి ఆకారం: మౌత్‌పీస్ కప్పు ఎంత లోతు, మౌత్‌పీస్ తర్వాత వచ్చే గొట్టం (లీడ్‌పైప్) ఎలా వెడల్పవుతుంది, చివర ఉన్న గంట ఆకారపు నోరు (బెల్) ఎలా విచ్చుకుంటుంది. పైన వెండి పూతా, లక్కర్ అనే మెరుపు పూతా అన్నది చాలా వెనక వరుసలో వస్తుంది. పెదవుల వెనక ఉన్న నాలుక, గొంతు, ఊపిరి ఏ కంపెనీ అమ్మేవి కావు.

జాజ్ చరిత్రలోనే దీనికి సాక్ష్యాలున్నాయి. 1953 మేలో టొరంటోలోని మాసీ హాల్ కచేరీలో సాక్సఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్ వాయించింది ప్లాస్టిక్ సాక్సఫోన్. ఆ రికార్డింగ్ వినండి, పార్కర్ పార్కర్‌లాగే ఉంటారు. అదే వేదిక మీద ఉన్న ట్రంపెట్ కళాకారుడు డిజ్జీ గిలెస్పీ సంగతి నాకు ఇంకా ఇష్టం. ఆ ఏడాది మొదట్లో ఒక పార్టీలో స్టాండ్ మీదున్న ఆయన ట్రంపెట్ మీద ఎవరో పడితే బెల్ పైకి వంగిపోయింది. అలా వంగాక తన శబ్దం తనకు బాగా వినిపిస్తోందని, తర్వాత కావాలనే ఆ ఆకారంలో చేయించుకున్నారు. వాయించేవాడికి కలిగే తేడా చిన్న విషయమేమీ కాదని నాకు అక్కడే అర్థమైంది. పేరున్న జాజ్ ట్రంపెట్ కళాకారుడు విన్టన్ మార్సాలిస్ ప్రత్యేకంగా తయారైన మోనెట్ కంపెనీ ట్రంపెట్లు వాయించడంలోనూ అర్థముంది. వినేవాళ్ల చెవికి చేరే తేడా, వాయించేవాళ్ల పెదవులకు తెలిసే తేడా వేర్వేరు. నేను మొదటి రోజు ఆ రెండింటినీ ఒకటిగా కలిపేశాను.

మరి నా గాలి చప్పుడు? వాద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ట్యూనింగ్ స్లైడ్ (శ్రుతి సరిచేయడానికి లోపలికీ బయటికీ జరిపే గొట్టం) మీదున్న వాటర్ కీ చూశారు. అది మనం ఊదినప్పుడు చేరే నీటిని వదలడానికి ఉండే చిన్న మీట. దాని అడుగున వేలిగోరంత కార్క్ ఉంటుంది. ఆ కార్క్ అంచు మీద ఒక నీటిచుక్క వేసి, "ఊదు బాబూ" అన్నారు. ఊదాను. చుక్కలో సన్నని బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. కార్క్ ఎండి, ఒకపక్క చిట్లిపోయింది. ఎన్నాళ్లుగా అక్కడి నుంచి గాలి పోతోందో! కొత్త కార్క్ అతికించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత పొడవాటి బ్రష్ లీడ్‌పైప్‌లోకి దూర్చి లాగితే పచ్చటి జిగురు ఊడివచ్చింది. అది చూసి నిజంగా సిగ్గనిపించింది. ఇప్పుడు నెలకోసారి గోరువెచ్చని నీళ్లతో కడుగుతున్నాను.

మధ్యలో మౌత్‌పీస్‌లు కూడా మార్చి చూశాను. లోతు కప్పుతో నాదం కొంచెం మెత్తబడింది, కానీ పై స్వరాలకు పెదవులు త్వరగా అలిసిపోయాయి. పాతదానికే వచ్చేశాను.

మిగిలింది సాధన. ఆరు నెలల పాటు రోజూ పొద్దున అరగంట లాంగ్ టోన్స్, అంటే ఒకే స్వరాన్ని మెల్లగా మొదలుపెట్టి, పెంచి, మళ్లీ తగ్గించడం. ఆ రోజుల్లో జాజ్ ట్రంపెట్ కళాకారుడు చెట్ బేకర్ గురించి తరచూ ఆలోచించేవాణ్ని. 1966లో దాడి జరిగి పళ్లు పాడైతే, కట్టుడు పళ్లతో ట్రంపెట్‌ను మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారాయన. ఆ మెత్తని నాదం తిరిగి వచ్చింది. నాకు పళ్లన్నీ ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అనుకునేవాణ్ని. మొన్న అదే పాట మళ్లీ రికార్డు చేశాం. 'ఫ్' లేదు. మాస్టారు కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు.

అయినా కొత్త ట్రంపెట్ కొంటాను. నా దానిలో మూడో వాల్వ్‌కు ఉండే స్లైడ్, అంటే జరిపే చిన్న గొట్టం, బిగుసుకుపోతుంది. దిగువ డి, సి షార్ప్ స్వరాలు ఏ ట్రంపెట్‌లోనైనా శ్రుతికి పైనే ఉంటాయి, ఆ స్లైడ్ బయటికి జరిపితేనే దారికొస్తాయి. వేగంగా సాగే పాటలో అది కదలకపోతే స్వరం తప్పుతుంది, అది వినేవాళ్లకూ తెలుస్తుంది. వాల్వులు కూడా అరిగాయి. వచ్చే నెల వాడిన ప్రొఫెషనల్ ట్రంపెట్ ఒకటి చూడబోతున్నాను. పేరు, పూత తర్వాత. ముందు వాల్వ్ నొక్కకుండా రెండో వాల్వ్ స్లైడ్ లాగి, వాల్వులు గాలిని గట్టిగా పట్టి ఉంచుతున్నాయో లేదో చూస్తాను. టప్‌మని గట్టిగా మోగాలి.