కదిలే గ్రాఫుకు హద్దులు: మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో నా అనుభవం

ఆర్డుయినోకు (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు) తగిలించిన డీఎస్‌18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ నుంచి సెకనుకో ఉష్ణోగ్రత సీరియల్ పోర్టులో వస్తుంది. దాన్ని పైథాన్‌లో, గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీతో గీయడం తేలికే, అక్షాల హద్దులు కుదర్చడమే అసలు పని.

లైన్‌కు సెట్_డేటాతో కొత్త విలువలు ఇచ్చినంత మాత్రాన హద్దులు మారవు, గీత ఫ్రేము దాటిపోతుంది. ముందు రీలిమ్ (డేటా విస్తృతిని మళ్లీ లెక్కించేది), తర్వాత ఆటోస్కేల్_వ్యూ (దానికి తగ్గట్టు హద్దులు సర్దేది) పిలవాలి. అప్పటికీ కదలకపోతే కోడులో పైన ఎక్కడో సెట్_వైలిమ్ (వై హద్దులను చేత్తో పెట్టేది) ఉందేమో చూడండి. దాన్ని ఒక్కసారి పిలిస్తే చాలు, ఆ అక్షానికి ఆటోస్కేల్ ఆగిపోతుంది.

నేనైతే వై అక్షాన్ని ఆటోస్కేల్‌కు వదలను. 12 బిట్ల రిజల్యూషన్‌లో ఈ సెన్సర్ మెట్టు, అంటే అది చూపగల అతి చిన్న తేడా, 0.0625 డిగ్రీలు. గది వేడి నిలకడగా ఉన్నప్పుడు ఆ ఒక్క మెట్టే తెరంతా ఆక్రమించి కొండలా కనిపిస్తుంది. అందుకే కనీస వెడల్పు 2 డిగ్రీలు పెడతాను. విలువ హద్దు దాటితే వెంటనే పెంచుతాను. తగ్గించడం మాత్రం డేటా ఒక నిమిషం పాటు సగం ఎత్తులోనే ఇమిడి ఉంటేనే. లేదంటే అక్షం ఊగుతూ ఉంటుంది, అంకెలు చదవలేం.

హద్దులు లెక్కించే ముందే చెడ్డ రీడింగులు ఏరేయాలి. వైరు ఊడితే, ఆర్డుయినోలో ఈ సెన్సర్‌ను చదివే డాలస్ లైబ్రరీ −127 ఇస్తుంది. పవర్ వచ్చాక మొదటి కొలత పూర్తికాకముందే చదివితే 85 వస్తుంది. 12 బిట్ల కొలతకు 750 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. అలాంటి చెడ్డ రీడింగు ఒక్కటి చొరబడితే మిగతా గీతంతా చదునైపోతుంది. నీళ్లు కాచే చోట 85 నిజంగానే రావచ్చు కాబట్టి పక్క రీడింగులతో పోల్చాకే తీసేయండి. ఆ స్థానంలో నాన్ (NaN, ‘సంఖ్య కాదు’ అనే గుర్తు) పెడితే గీత అక్కడ తెగుతుంది, అదే సరైనది. కానీ హద్దులకు నంపై లైబ్రరీలోని, నాన్‌లను వదిలేసి లెక్కించే నాన్‌మిన్, నాన్‌మ్యాక్స్ వాడాలి. సెట్_వైలిమ్‌కు నాన్ వెళ్తే ఎర్రరే.

ఎక్స్ అక్షం దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. ఫ్రేము ఫ్రేముకూ గ్రాఫును మార్చే ఫంక్‌యానిమేషన్‌లో బ్లిట్ (వేగం కోసం మారిన గీతను మాత్రమే మళ్లీ గీసే పద్ధతి) ఆన్ చేసి, ప్రతి ఫ్రేములో సెట్_ఎక్స్‌లిమ్ జరుపుతారు. గీత కదులుతుంది, కింది అంకెలు పాతవే ఉంటాయి. అంటే గ్రాఫు తప్పు సమయం చూపిస్తోంది! బ్లిట్ తీసేస్తే అంకెలు సరవుతాయి గానీ వేగం పడిపోతుంది. దీనికి నాకు బాగా నచ్చిన దారి: ఎక్స్ అక్షం మీద గడియారం సమయం కాకుండా ‘ఎన్ని సెకన్ల కిందట’ అని చూపించడం. −60 నుంచి 0 వరకు మొదట్లోనే ఒకసారి పెట్టేస్తే చాలు. ప్రతి ఫ్రేములో రీడింగుల సమయాల నుంచి ఇప్పటి సమయం తీసేసి గీయాలి. 61 మ్యాక్స్‌లెన్ (గరిష్ఠ పొడవు) ఉన్న డెక్‌లో (deque, పైథాన్‌లోని ఒక రకం జాబితాలో) పాతవి వాటంతటవే రాలిపోతాయి.

ఇక వై హద్దు మారిన ఫ్రేములో మాత్రం, బ్లిట్ వై అంకెలను మార్చదు కాబట్టి, క్యాన్వాస్ డ్రాను ఒకసారి పిలిచి మొత్తం గీయించాలి.