నాయన రిజిస్టరు, నా మూడు రొటేషన్లు

"ఇంకా ఎన్ని చోట్లకు తిప్పుతారు పాపా నిన్ను?" అని నాయన ఫోన్లో అడిగాడు. సియాటిల్‌లో ఉద్యోగంలో చేరి అప్పటికి ఆరు నెలలు. టీమ్ మారుతున్నానని అప్పుడే చెప్పాను. ఆరు నెలలకే మార్చారంటే ఆయన లెక్కలో పనిలో ఏదో తేడా వచ్చినట్టే. కాదు నాయనా, చేరినప్పుడే అనుకున్నది, 18 నెలల్లో మూడు చోట్ల పని నేర్పిస్తారు అని చెబితే కాసేపు మాట్లాడలేదు. "ఒకచోట నిలకడగా ఉంటేనే కదా పని తెలిసేది" అన్నాడు. మిగిలిన 12 నెలలూ నన్ను వదలని మాట అది.

మాది తిరుపతి. రైల్వే స్టేషన్ దగ్గరి టీటీడీ వసతి గృహం విష్ణు నివాసం వెనక వీధుల్లో మాకు 14 గదుల లాడ్జి ఉంది. ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చేసి, ఎంఎస్‌కి అమెరికా వెళ్లాను. ప్రాడక్ట్ మేనేజర్ ఉద్యోగం వచ్చిందని తెలియగానే చిన్నాయన అడిగిన మొదటి మాట, "నీ కింద ఎంతమంది?" ఎవరూ లేరు. ఇంజినీర్లు, డిజైనర్లు ఉంటారు, కానీ వాళ్లు నా మాట వినాల్సిన పనేం లేదు. ఏ పని ముందు చెయ్యాలి, ఎవరి కోసం చెయ్యాలి, చేశాక ఉపయోగపడిందని ఎట్లా తెలుస్తుంది అన్నవి తేల్చి, మిగతావాళ్లను ఒప్పించడం నా పని. పేరులో మేనేజర్ ఉంది కాబట్టి ఇంటి దగ్గర ఇది వివరించడం ఇప్పటికీ కష్టమే.

కాలేజీ నుంచి నేరుగా ఈ పనిలోకి తీసుకోవడం ఒకప్పుడు అరుదు. 2002లో గూగుల్‌లో మరిస్సా మేయర్ అసోసియేట్ ప్రాడక్ట్ మేనేజర్ ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. కొత్తగా డిగ్రీ చేతికొచ్చినవాళ్లను తీసుకుని, రెండేళ్లలో రెండు టీముల్లో పని చేయించే పద్ధతి. తర్వాత ఫేస్‌బుక్ 18 నెలల్లో మూడు రొటేషన్లు, అంటే మూడు టీముల్లో ఒక్కోచోట ఆరు నెలలు అని పెట్టింది. చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. నేను చేరింది అంత పెద్ద కంపెనీ కాదు. డెంటల్ క్లినిక్కులకు అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ చేసేది. మా బ్యాచ్‌లో ఐదుగురం.

అందులోకి రావడానికి ముందు రెండు చోట్ల ఇంటర్వ్యూ పోయింది. "మీకు నచ్చిన ప్రాడక్ట్ ఒకటి చెప్పండి, దాన్ని ఎట్లా బాగు చేస్తారు?" అని దాదాపు అందరూ అడుగుతారు. రెండు చోట్లా పాటల యాప్ గురించే చెప్పాను. యూట్యూబ్‌లో చూసి బట్టీ పట్టిన వరుస ప్రకారం, యూజర్లు, సమస్యలు, పరిష్కారాలు అంటూ. ఆ మాటల్లో నాకు తెలిసినది ఒక్కటీ లేదు. మూడోసారి అలిపిరి లగేజీ కౌంటర్ గురించి చెప్పాను. నడిచి కొండెక్కేవాళ్లు కింద సంచులిచ్చి రసీదు తీసుకుంటారు, పైన రసీదు చూపించి తెచ్చుకుంటారు. మా లాడ్జికి వచ్చిన ఒక కుటుంబంలో కొడుకూ కోడలూ నడకదారిన పోయారు, అవ్వ బస్సులో ముందే పైకి చేరింది. ఆమె షుగర్ మాత్రలు సంచిలో ఉన్నాయి. రసీదు కొడుకు జేబులో ఉంది. కౌంటర్‌లో ఉన్నతను రసీదు లేకుండా సంచి ఇయ్యలేడు, అది అతని తప్పు కాదు. అవ్వ మూడు గంటలు అక్కడే కూర్చుంది. ఇక్కడ ఒక్క సంచికి ముగ్గురు మనుషులు: ఇచ్చేవాడు, కావలసినామె, కాపలా ఉండేవాడు. ఎవరి ఇబ్బంది ముందు తీర్చాలి అని నేనే ప్రశ్న వేసుకుని ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఇంటర్వ్యూ చేసినామె రాసుకోవడం ఆపేసి వింది. తిరుపతి పిల్లలెవరైనా నన్ను సలహా అడిగితే ఇదే చెబుతాను. మీ కళ్లతో చూసినదాని గురించి మాట్లాడండి.

మొదటి రొటేషన్ అపాయింట్‌మెంట్ల క్యాలెండర్ మీద. మూడు వారాలు రంగుల గురించీ గడుల సైజు గురించీ చర్చలు జరిగాయి. నాలుగో వారం సియాటిల్ దగ్గరి టకోమాలో ఒక క్లినిక్‌కి వెళ్లి రిసెప్షనిస్ట్ పక్కన స్టూలేసుకుని ఒక రోజంతా కూర్చున్నాను. అరవై ఏళ్లుంటాయి ఆమెకు. కంప్యూటర్ తెర చుట్టూ అంచులు కనబడకుండా పసుపు చీటీలు అంటించుకుంది. ఒకదాని మీద ఒక పేరు, కింద "చెవి వినపడదు, కూతురికి ఫోన్ చెయ్యాలి" అని. ఇంకొకదాని మీద "షుగర్, ఉదయం తొలి టైమే ఇవ్వాలి". మూడోదాని జిగురు ఆరిపోయి అంచు లేచిపోతుంటే, ఫోన్ మాట్లాడుతూనే బొటనవేలితో మళ్లీ మళ్లీ అదుముతోంది. ఇవి రాసుకునే పెట్టె మా సాఫ్ట్‌వేర్‌లో లేదా అంటే, ఉంది. నాలుగు క్లిక్కుల లోపల ఉంది. అవతల మనిషి లైన్లో ఉండగా నాలుగు క్లిక్కులు ఎవరు చేస్తారు?

ఆ క్షణంలో నాకు మా లాడ్జి రిజిస్టరు కళ్లముందు మెదిలింది. పేరు, ఊరు, ఆధార్ నంబరు, గది నంబరు, సంతకం అని అచ్చు వేసిన గడులుంటాయి. నాయన రాసేదంతా వాటి పక్కన మార్జిన్లో. "మోకాళ్లు, కింద గది". "నడక, రాత్రి 2కి లేపాలి". "చంటిబిడ్డ, వేడినీళ్లు". లాడ్జి నడిచేది ఆ మార్జిన్ మీదే. క్లినిక్ నడిచేది ఆ చీటీల మీద. పేషెంట్ పేరు కొట్టగానే పక్కన ఒక్క లైను కనబడేలా పెడదామని రాసిచ్చాను. చిన్న పనే, కానీ రంగుల చర్చ పక్కన పెట్టించి దాన్ని ముందుకు తేవడానికి ఐదు వారాలు పట్టింది. అది బయటికొచ్చిన రెండో వారానికే నా ఆరు నెలలు అయిపోయాయి.

టీమ్ మారడంలో వీసా పని కూడా ఉంటుంది. చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకోనిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. మాది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) డిగ్రీ కాబట్టి ఇంకో 24 నెలలు పొడిగింపు. ఆ పొడిగింపుకి ఐ-983 అని ఒక ట్రైనింగ్ ప్లాన్ ఉంటుంది. ఏం నేర్చుకుంటాను, నా చదువుకు అదెట్లా సంబంధం, ఎవరు చూసుకుంటారు అన్నీ రాసి, కంపెనీ సంతకంతో యూనివర్సిటీకి ఇవ్వాలి. నేర్చుకునే పని మారితే ప్లాన్ కూడా మార్చి రాయాలి. తోటి ట్రైనీలు కొత్త టీమ్‌తో భోజనానికి పోతుంటే, నేను కొత్త మేనేజర్‌కి ఈ కాగితం ఏమిటో వివరిస్తూ కూర్చున్నాను. మార్చి వచ్చిందంటే ఉద్యోగ వీసా హెచ్‌-1బి కోసం లాటరీ. ఏడాదికి 85,000 వీసాలు, అందులో 20,000 అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి. మొదటిసారి రాలేదు. ఆ వారం రాత్రుళ్లు నిద్ర పట్టక, తిరుపతిలో తెల్లారి ఉంటుందని లెక్కేసుకుని అమ్మకి ఫోన్ చేసేదాన్ని. టెన్షన్ అని చెప్పేదాన్ని కాదు. ఏం టిఫిన్ చేశావని అడిగేదాన్ని. మరుసటి ఏడాది వచ్చింది.

రెండో రొటేషన్‌లో నా తప్పు ఉంది. పేషెంట్లకు ముందురోజు మెసేజ్ పంపే పని నాది. మెసేజ్ మాటలు మార్చి, "వస్తున్నారా?" అని సూటిగా అడిగేలా రాయించాను. వస్తున్నామని చెప్పేవాళ్లు పెరిగారు. మీటింగులో చప్పట్లు కొట్టారు. నెల తర్వాత టకోమా ఆమెకు నేనే ఫోన్ చేశాను, ఊరికే. ఆమె కోపంగా ఉంది. చాలామంది ఆ మెసేజ్‌కే తిరిగి రాస్తున్నారట, పంటి నొప్పి ఎక్కువైంది, టైమ్ మార్చండి అని. ఆ జవాబులు క్లినిక్‌లో ఎవరికీ కనబడవు. జవాబు రాక పేషెంట్లు ఫోన్ చేసి ఆమె మీద అరుస్తున్నారు. నేను చూసుకున్న అంకె పెరిగింది, ఆమె రోజు పాడైంది. ఆమె బొటనవేలు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరిచెయ్యడానికి నాకు మిగిలింది పదిహేను రోజులు. సరిపోలేదు. నా తర్వాత వచ్చే అతని కోసం తొమ్మిది పేజీలు రాసిపెట్టాను. ఏం మార్చాను, ఎందుకు మార్చాను, ఎక్కడ పొరపాటు జరిగింది, ఆ క్లినిక్ ఫోన్ నంబరు, మధ్యాహ్నం పన్నెండు దాటాక చేస్తే ఆమె మాట్లాడగలదన్నది కూడా. మూడో రొటేషన్‌లో బిల్లింగ్ పని చేస్తుండగా తెలిసింది, జవాబులు క్లినిక్ తెర మీద కనబడేలా అతను చేశాడని. మంచి పని చేశాడు. మూడో రొటేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. అక్కడే పర్మనెంట్ అయ్యాను.

పోయిన నెల ఇంటికొచ్చాను. నాయనకు ఇక మెట్లెక్కడం కావడం లేదు, లాడ్జి చిన్నాయన కొడుక్కి అప్పగిస్తున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి రైలు దిగినవాళ్లు వరసగా వస్తున్నారు. ఆ తమ్ముడు కంప్యూటర్‌లో ఎక్కిస్తానని లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. నాయన పాత రిజిస్టర్లు ఆరు ముందేసుకుని మార్జిన్లు చదివి వినిపిస్తున్నాడు. "కర్నూలు వాళ్లు ఏటా వస్తారు. పెద్దాయనకు ఇప్పుడు చూపు ఆనదు. గది నంబరు నోటితో చెప్పు, చీటీ ఇయ్యొద్దు." తమ్ముడు టైపు చేస్తున్నాడు. నాయన నా వైపు తిరిగి, "నువ్వు ఒకచోట పని వదిలి పోయేటప్పుడు ఇట్లనే చెప్పి పోతావా?" అని అడిగాడు.

"రాసిచ్చి పోతా నాయనా."

"ఫోన్ నంబరు కూడా ఇచ్చి పో, మళ్లా అడుగుతారు" అని రిజిస్టరు ఇంకో పేజీ తిప్పాడు.