అడ్డం, నిలువు, లజో

మా స్కూలు పాత విద్యార్థుల సంచికకి రాయమని కమిటీ వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేసి, మూడోసారి బొండాం గాడి చేత అడిగించారు కాబట్టి రాస్తున్నాను. ఎన్‌సీసీ గొడవ, సింహాచలం మెట్ల మీద దొర్లిపోయిన టిఫిన్ క్యారియర్ సంగతి ఇంకెవరైనా రాస్తార్లెండి. నాకు స్కూలంటే శనివారం ఆఖరి పీరియడూ, గళ్ళ మాష్టారూ.

బోర్డు మీద తొమ్మిదికి తొమ్మిది గళ్ళనుడికట్టు గీసి, సుద్దముక్క పడుకోబెట్టి నల్లగళ్ళు పులిమేవారు. తెల్లగా కనపడేవే నల్లగళ్ళని బుర్రకెక్కడానికే సగం మందికి నెల పట్టింది. తొమ్మిదో తరగతిలో ఆయనకి జానపదాల పిచ్చి పట్టుకుంది, ఇక ఆధారాలన్నీ పాటలే (పక్కనుండే అంకె, జవాబులో ఎన్నక్షరాలో చెబుతుంది). వడ్లు దంచుతుంటే వినపడేది రెండక్షరాలు, సువ్వి. "అటునించి నిద్రపుచ్చండి (2)" అన్నరోజు మనవాడు లేచి, జోలని తిరగేసి "లజో" అని అరిచాడు. జవాబు రైటే గానీ, వాడి అసలు పేరు ఆ రోజు నుంచి హాజరుపట్టీలోనే ఉండిపోయింది. ఇంకొకడు తుమ్మెదని నాలుగు గళ్ళలోకి సాగదీస్తే, "పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలన్నాడు గానీ తుమ్, మెద పదాలనలేదురా" అన్నారు. జోలపాట రాగం (4) అని రాయకుండా, కళ్ళు మూసుకుని సన్నగా ఆలపించారోసారి. నీలాంబరట. మాకేం తెలుసు, నిద్రొచ్చింది.

అన్నిటికీ మించింది "గుండెల మీద రేకు, కాళ్ళకి గజ్జెలు (5)". ఫస్టు ర్యాంకులన్నీ తెల్లమొహాలు వేశాయి. ఏడాదంతా నోరు విప్పని చివరి బెంచీ వాడు లేచి, "తప్పెటగుళ్ళండీ, ఆ ఆట మా నాన్న కడతాడు" అని వేళ్ళ మీద లెక్కపెట్టాడు, త, ప్పె, ట, గు, ళ్ళు. మాష్టారు సుద్దముక్క వాడి చేతికిచ్చేశారు. ళ కింద లావొత్తా, ళావొత్తా అని బొండాం తగువు పెట్టాడు, బెల్లు కొట్టినా తెగలేదు. మొన్న బీచ్ రోడ్డులో కనపడితే మళ్ళీ అదే మొదలెట్టాడు!

తరవాత పదో తరగతి, కాలేజీ, పోర్టులో ముప్ఫయ్యేళ్ళు. ఇప్పుడు ఓ పత్రికకి నెలకి రెండు గళ్ళనుడికట్లు కడుతున్నాను, డాలస్ నుంచి కూడా పూరించి పంపుతున్నారు (మా అమ్మాయి కాదు, వేరేవాళ్ళే). హుద్‌హుద్ తుపానులో, 2014లో, కిటికీ ఊడి పుస్తకాలన్నీ నానిపోతే, ఆ తొమ్మిదో తరగతి నోట్సు ఒక్కటే ఇస్త్రీపెట్టెతో పేజీ పేజీ ఆరబెట్టుకున్నాను. మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

సంచికకి గళ్ళు కట్టిస్తానంటే చోటు లేదన్నారు. సరే, మాష్టారి ఆధారం ఒక్కటి వదులుతున్నాను, ఆ రోజు ఎవరికీ తట్టనిది: "ఎందుకీ పాట? (2)".

లజో, నువ్వు చెప్పకు.