నాలుగు అక్షరాలకు మూడు రోజులు

నిన్న రాత్రి ఫైలు పంపేసి కంప్యూటర్ మూశాను. చైనాలోని షాన్‌షీలో ఒక బొగ్గు గని కార్మికుడి భార్య చెప్పుకున్న జ్ఞాపకాలను ఇంగ్లీషులోకి మార్చే పని. పన్నెండు పేజీలు రెండు రోజుల్లో సాఫీగా సాగాయి. బండి దిగబడింది ఒక్క వాక్యం దగ్గరే. భర్త గనిలోకి దిగిన పదేళ్లూ తాను 'థీ షిన్ త్యావ్ తాన్'గా బతికానంటుంది ఆమె.

విడదీస్తే ఎత్తడం, గుండె, వేలాడదీయడం, పిత్తాశయం. కలిపితే ఎడతెగని భయం. చైనా సంప్రదాయంలో ధైర్యానికి నెలవు పిత్తాశయమే. అది పెద్దదైతే తెగువగలవాడు, చిన్నదైతే పిరికివాడు. ఆ రుచి చెడగొట్టడం ఇష్టంలేక ఉన్నదున్నట్టు దించాను. ఏజెన్సీలో ఎడిటర్ దాని పక్కన "ఈమెకు ఆపరేషన్ ఎప్పుడు జరిగింది?" అని రాశాడు. ఆ ఫైలు నాతోపాటు మరో నలుగురు అనువాదకులు చూస్తారు. ఒక నవ్వు బొమ్మ కూడా వచ్చింది. చైనీస్‌లో ఒక్క ముక్క రాని మనిషి చేత పడ్డ మాట అది!

నిఘంటువు తెరిచి, గుండె నోట్లోకి వచ్చిందనే ఇంగ్లీషు నుడికారం పెట్టాను. అదీ తిరిగొచ్చింది. ఈసారి తప్పు నాదే. బస్సు లోయ అంచున ఒరిగిన క్షణానికి చెల్లే మాట అది. గుండెను నోట్లో పెట్టుకుని పదేళ్లు అన్నం వండడం ఎవరి తరం? తర్వాత ఆదుర్దాకు ఇంగ్లీషులో వాడే 'టెంటర్‌హుక్స్' దొరికింది. నేసిన ఉన్ని బట్టను బిగదీసి ఆరబెట్టే చట్రానికుండే కొక్కేలవి. వేలాడడం కుదిరిందని మురిసిపోయాను. కానీ పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూసేవాళ్లూ ఆ కొక్కేలకే వేలాడతారు. నిఘంటువులు తయారుచేసేవాళ్లు ఏ భయం ఎంతసేపుంటుందో కూడా రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

మాది కొత్తగూడెం. నాన్న సింగరేణిలో రాత్రి షిఫ్టుకు వెళ్తే, అమ్మ గుండెలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేది. తెలుగులోకైతే నిమిషం పని. మూడో రోజు విసిగి అమ్మకు ఫోను చేశాను.

"అప్పట్లో నీకెలా ఉండేదమ్మా?"

"ఎలా ఉండడమేమిటిరా, భయం లేని రోజొకటి ఉందా?"

అదే ఇంగ్లీషులో రాసి పంపాను. గుండె పోయింది, పిత్తాశయం పోయింది, పదేళ్లు మాత్రం మిగిలాయి. ఎడిటర్ నుంచి జవాబుగా ఒక్క 'సరే' వచ్చింది.

డబ్బు చైనా అక్షరాల లెక్కన ఇస్తారు. మూడు రోజులు తిన్న ఆ మాటకు నాలుగు అక్షరాల కూలి కట్టి బిల్లు వేశాను.