యూరప్‌లో పిహెచ్‌డీ పోస్టులు వెతికేవారికి

నోటిఫికేషన్, గేట్ స్కోరు, రాత పరీక్ష, ఇంటర్వ్యూ, చివరికి గైడ్ కేటాయింపు అనే మన ఐఐటీల పద్ధతికి అలవాటుపడినవారు జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో పిహెచ్‌డీకి ప్రయత్నించేటప్పుడు ముందుగా ఈ వరుసను పక్కన పెట్టాలి. అక్కడ ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ శాఖలలో చాలా అవకాశాలు ఉద్యోగ ప్రకటనలుగానే వెలువడతాయి. ఒక ప్రొఫెసర్‌కు ప్రాజెక్టు మంజూరైతే అందులోనే పరిశోధకుడి జీతానికి డబ్బు ఉంటుంది. ఆ పనికి మనిషి కావాలి కనుక ప్రకటన వస్తుంది. అందువల్ల విశ్వవిద్యాలయాల అడ్మిషన్ల పేజీలకన్నా ఉద్యోగాల పేజీలను, యూరోపియన్ కమిషన్ నడిపే పరిశోధన ఉద్యోగాల వెబ్‌సైట్ యూరాక్సెస్‌ను, నెదర్లాండ్స్‌కైతే అలాంటిదే అయిన అకడమిక్ ట్రాన్స్‌ఫర్‌ను ఏడాది పొడవునా చూస్తూ ఉండాలి. సాధారణంగా మాస్టర్స్ డిగ్రీ అడుగుతారు. బీటెక్‌తోనే తీసుకునే, జర్మనీలోని సార్‌బ్రూకెన్ గ్రాడ్యుయేట్ స్కూల్ వంటివి కొద్దిగా మాత్రమే ఉన్నాయి.

యూరోపియన్ యూనియన్ నిధులతో పలు దేశాల సంస్థలు కలిసి నడిపే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌ల పోస్టుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లకు నిజంగా అనుకూలించే నిబంధన ఒకటి అందులో ఉంది. నియామకానికి ముందున్న 36 నెలల్లో అభ్యర్థి ఆ పోస్టు ఉన్న దేశంలో 12 నెలలకు మించి నివసించి గానీ, ప్రధానంగా అక్కడే పనిచేసి లేదా చదివి గానీ ఉండకూడదు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో దరఖాస్తు చేసేవారికి ఇది అడ్డే కాదు. మ్యూనిక్‌లో రెండేళ్ల మాస్టర్స్ ఇప్పుడే ముగించినవారికి మాత్రం అదే నెట్‌వర్క్‌లోని జర్మన్ పోస్టు మూసుకుపోతుంది, ఫ్రాన్స్‌లోనో బెల్జియంలోనో ఉన్నది తెరిచే ఉంటుంది. ఈ లెక్క చూసుకోకుండా దరఖాస్తు పంపడం వృథా శ్రమ.

ఇక లేఖ సంగతి. "రెస్పెక్టెడ్ సర్" అంటూ ఒకే మెయిల్‌ను యాభైమందికి పంపే అలవాటు మనలో ఇంకా పోలేదు, దానికి జవాబు రాకపోవడంలో నాకు ఆశ్చర్యం కూడా లేదు. ప్రకటనలో అడిగిన పని ఏమిటో, ఆ బృందం ఇటీవల ప్రచురించిన పేపర్లలో దానికి దగ్గరగా ఉన్నది ఏదో, మీ ఎంటెక్ థీసిస్‌లో దానికి పనికొచ్చే భాగం ఎంతో ఒక పేజీలో రాయగలిగితే చాలు. మార్కుల గొప్పలు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఎలాగూ ఉంటాయి.

ఇంటర్వ్యూ దాకా వెళ్లినవారు కాంట్రాక్టు గురించి అడగడానికి మొహమాటపడకూడదు. జర్మనీలో జీతం సాధారణంగా ప్రభుత్వ వేతన శ్రేణి ఇ13 ప్రకారం ఉంటుంది గానీ, పోస్టు నూరు శాతమా, 75 శాతమా, సగమా అన్నదాన్ని బట్టి చేతికొచ్చేది మారుతుంది. మొదటి కాంట్రాక్టు ఎన్నేళ్లకో, ప్రాజెక్టు ముగిస్తే పొడిగింపు ఎలాగో కూడా తెలుసుకోవాలి. నెదర్లాండ్స్‌లో సాధారణంగా నాలుగేళ్లు, మొదటి ఏడాది చివర కొనసాగింపుపై సమీక్ష ఉంటుంది. స్వీడన్‌లో ఈ బెంగ తక్కువ, ఎందుకంటే చదువు మొత్తానికి నిధులు ఖాయమైతే తప్ప విశ్వవిద్యాలయం అభ్యర్థిని చేర్చుకోకూడదని అక్కడి నిబంధన.