మూడు మిల్లీమీటర్ల స్క్రూ

ఆదివారం, రాత్రి పదకొండున్నర

తమ్ముడి గేమింగ్ లాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డి, అంటే లోపల తిరిగే చక్రాలేవీ లేని వేగమైన డిస్కు, వేశాను. అరగంట పని అనుకుని కూర్చుంటే రోజంతా తినేసింది.

2019లో కొన్న యంత్రం అది. గ్రాఫిక్స్ కార్డుకు ఇప్పటికీ వంక పెట్టలేం. విండోస్ మాత్రం నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్కు మీద ఉండేది. బటన్ నొక్కి, కాఫీ కలుపుకుని వచ్చినా తెర మీద ఆ చుక్కలు తిరుగుతూనే ఉండేవి. గేము తెరిస్తే లోపల ఎవరో చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు.

నిన్న సాయంత్రం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ఇద్దరమూ వెళ్లాం. ఎన్‌వీఎమ్‌ఈ రకం, అంటే సన్నటి కార్డులా ఉండి నేరుగా లోపలి గాడిలో దూరేది, ఒక టెరాబైట్‌ది తీసుకున్నాం. ఇక గేము రెట్టింపు వేగంతో ఆడుతుందని తమ్ముడి ఆశ. దుకాణంలో పెద్దాయన నవ్వి, "బొమ్మ పరిగెత్తేది గ్రాఫిక్స్ కార్డు బలంతో బాబూ. ఇది తలుపు త్వరగా తీస్తుంది, అంతే" అన్నాడు. అమ్ముకోవలసిన మనిషి ఆ మాట చెప్పడం నాకు నచ్చింది.

ఉదయం అడుగు మూత విప్పాను. పదకొండు స్క్రూలు, రెండు పొట్టివి. కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టాను. ముందు బ్యాటరీ తీగ ఊడదీసి, తర్వాత కొత్త కార్డును ఏటవాలుగా గాడిలోకి తోశాను. వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80. చూయింగ్ గమ్ బిళ్లంత. చెయ్యి వదలగానే పాము పడగెత్తినట్టు లేచి నిలబడింది. దాన్ని పడుకోబెట్టి బిగించే స్క్రూ లేదు! లాప్‌టాప్‌తో రాలేదు, ఎస్‌ఎస్‌డి పెట్టెలోనూ లేదు.

"టేపు అంటిద్దాం అన్నయ్యా" అన్నాడు వీడు. వేడెక్కే వస్తువుకు టేపా? ఇనుప సామాన్ల కొట్టులో అన్నిటికంటే చిన్న స్క్రూ కూడా మాకు దూలంలా కనిపించింది. కళ్లజోళ్ల కొట్టులోవి మరీ సన్నం. ఎండలో రెండు గంటలు తిరిగి, ఉత్త చేతులతో వచ్చాం.

భోజనాల దగ్గర నాన్న పాత లాప్‌టాప్ గుర్తుకొచ్చింది. చచ్చి మూడేళ్లయింది, అటక మీద ఉంది. పాత సామాన్లవాడికి వేసేయమని అమ్మ ప్రతి సంక్రాంతికీ పోరు పెడుతుంది. దింపి, దుమ్ము దులిపి విప్పితే లోపల వైఫై కార్డు. దాన్ని పట్టి ఉంచింది ఒక్కటే స్క్రూ, మూడు మిల్లీమీటర్ల పొడవు. తెచ్చి పెడితే మరచుట్టు మరచుట్టుగా సాఫీగా దిగింది.

ఆ తర్వాత క్లోన్‌జిల్లా అనే డిస్కు నకలు తీసే సాఫ్ట్‌వేర్‌తో పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదాని మీదికి ఎక్కించాను. ఏది మూలం, ఏది గమ్యం అన్నది మూడుసార్లు చూసుకున్నాను. తారుమారైతే తమ్ముడి ఆరేళ్ల ఆటలు ఖాళీ డిస్కు కింద సమాధి. రెండున్నర గంటలు పట్టింది. ఒకే పోలిక ఉన్న రెండు డిస్కులు కలిసి ఉంటే విండోస్ తికమకపడుతుందని, పాతదాని తీగ తీసేసి ఆన్ చేశాను.

పద్నాలుగు సెకన్లు! ఫోనులో లెక్కపెట్టాను. తమ్ముడు ఆట తెరిచి, మొదట తెర మూలన కనిపించే ఫ్రేముల అంకె, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పేది, చూశాడు. నిన్నటి అంకే. పెద్దాయన మాట గుర్తొచ్చినట్టుంది, నోరు మెదపకుండా ఆడుకున్నాడు. చేట చప్పుడు మాత్రం లేదు.

ఇందాక అమ్మ వచ్చి నేల మీద విప్పి పడి ఉన్న నాన్న లాప్‌టాప్‌ను చూసింది. "ఒరేయ్, ఇప్పటికైనా దీన్ని వేసేయవచ్చా?"

"వద్దమ్మా, ఇందులో ఇంకా బోలెడు స్క్రూలున్నాయి."

మళ్లీ అటకెక్కించాను.