ముండుక్ కొండల్లో లవంగ తోట లీజు: నోటరీ ఆఫీసులో నా అనుభవం

మొన్న సాయంత్రం సంతకాలయ్యాయి. ఇండోనేషియాలో, ఉత్తర బాలిలో ముండుక్ దగ్గరి ఒక ఊళ్లో పాత ఇల్లు, చుట్టూ లవంగ చెట్లు, వాటి నీడన కొన్ని కాఫీ మొక్కలు ఇరవై ఏళ్ల లీజుకు మా చేతికొచ్చాయి. సంతోషంగానే ఉంది. కానీ నోటరీ ఆఫీసులో పడ్డ మాట ఇంకా మండుతూనే ఉంది. ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నాను, ఆలస్యమైతే మెత్తబడి రాస్తాను.

మాది కోనసీమ. మా ఆయన పశ్చిమ జావాలో పుర్వకర్త వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తారు. ఆయన ఉద్యోగం మీద నాకు కితాస్, అంటే నివాస అనుమతి, ఉంది. దాని రెన్యువల్ కంపెనీ వాళ్లే చూసుకుంటారు. ఏళ్లుగా ఇక్కడే ఉండటంతో భాష బాగా వచ్చు. ఈ పనిలో నన్ను కాపాడింది ఆ భాషే.

ముందు చట్టం సంగతి. 1960 నాటి భూచట్టం ప్రకారం విదేశీయులకు ఇక్కడ హక్ మిలిక్, అంటే పూర్తి యాజమాన్య హక్కు, రాదు. లీజుకు తీసుకోవచ్చు, లేదా హక్ పకాయ్ అనే వాడకపు హక్కు పొందవచ్చు. మాకు మొదట తగిలిన దళారి మాత్రం, "ఇక్కడి మనిషి పేరు మీద కొనేయండి, వెనక ఒక ఒప్పందం రాసుకుందాం, అందరూ చేసేదే" అన్నాడు. అదే చట్టం 26వ సెక్షన్ చూడండి. అలాంటి కొనుగోలు చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు కూడా తిరిగి రాదు. ఈ సలహా ఇచ్చేవాడు ఎంత తియ్యగా మాట్లాడినా ఆ పూటే వదిలించుకోండి. కష్టార్జితాన్ని ముక్కూమొహం తెలియని వాడి పేరున పెట్టి ఇరవై ఏళ్లు నిద్రపోవడం ఎవరి వల్లా కాదు.

ఆ స్థలం ఏ జోన్‌లో ఉందో చూసుకోవడం తేలిగ్గానే తేలింది. వరి పొలాలైతే కట్టడాలకు అనుమతి ఉండదు, మాది తోట భూమి, ఇల్లు ముందే ఉంది.

బంజార్ పెద్దల దగ్గరికి వెళ్లడానికి మాత్రం భయపడ్డాను. బంజార్ అంటే ఊళ్లోని వాడకట్టు సంఘం. పెళ్లి, చావు, గుడి పండగ, దారి, అన్నీ దాని చేతుల్లోనే. కుల్కుల్ అనే చెక్క గంట మోగితే ఇంటికొకరు రావాలి. చీరలాగా కామెన్ చుట్టుకుని, నడుముకి గుడ్డ బిగించి వెళ్లి కూర్చున్నాను. పెద్దాయన ఒక్కటే అడిగారు: "పక్కింట్లో ఎవరైనా పోతే వస్తావా అమ్మా?" వస్తానన్నాను. మా ఊళ్లో అయినా అడిగేది ఇదే కదా. గుడికి ఎంత ఇవ్వాలో, చెత్తకు నెలకు ఎంతో చెప్పారు. లవంగ తోటలోంచి ఇంటికి వెళ్లే కాలిబాట వాడుకోవచ్చని అందరి ముందూ ఒప్పుకున్నారు. టీ ఇచ్చారు. అయిపోయింది.

ఇక అసలు సంగతి.

నోటరీ ఆఫీసు కొండ కింద, సముద్రం వైపు ఊళ్లో. యజమాని కుటుంబం మొత్తం జీపు మాట్లాడుకుని దిగింది. ఆ ఇంటి పెద్దన్నగారు ఎండబెట్టిన లవంగాలు పొరుగువాళ్లకు అప్పజెప్పి మరీ వచ్చారు. చాలాసేపు బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మా తర్వాత వచ్చిన తెల్లవాళ్లు ముందే లోపలికి వెళ్లి బయటికొచ్చేశారు. అదీ ఓర్చుకున్నాను. చివరికి గుమస్తా ఒక ఫైలు తెచ్చి, ఆఖరి పేజీ మాత్రం తెరిచి, పసుపు చీటీ అంటించిన చోట సంతకం పెట్టమన్నాడు.

"మొత్తం చదివి వినిపించండి" అన్నాను.

"అవసరం లేదు బూ, ఇది అందరికీ ఒకటే" అన్నాడు. బూ అంటే అమ్మా అని. నేను మళ్లీ అడిగాను. అప్పుడతను పక్క సీటులోని అమ్మాయి వైపు తిరిగి, నాకు అర్థం కాదనుకుని, "ఇండియావాళ్లింతే, అన్నిటికీ పేచీ, అన్నిటికీ బేరం" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. యజమాని అన్నదమ్ములు విన్నారు. పెద్దన్నగారు తల దించుకున్నారు. నా మొహం కాలిపోయింది. వాళ్లు అడిగిన ఫీజులో నేను ఒక్క రూపాయా (ఇండోనేషియా డబ్బు) కూడా తగ్గించమనలేదు. నోటరీ ఫీజు 100 కోట్ల రూపాయా దాటిన లావాదేవీకి 1 శాతం మించకూడదని, అంతకన్నా తక్కువైతే ఎంత శాతం దాకా తీసుకోవచ్చో చట్టంలోనే ఉంది, వాళ్లడిగింది ఆ పరిమితిలోనే ఉందని ముందే చూసుకున్నాను. బేరం ఎక్కడ ఆడాను?

వాళ్ల భాషలోనే, గొంతు పెంచకుండా జవాబిచ్చాను. నోటరీ చట్టం 16వ సెక్షన్ ప్రకారం దస్తావేజును పార్టీల ముందు, ఇద్దరు సాక్షుల ముందు నోటరీయే చదివి వినిపించాలి. వద్దని పార్టీలే చెబితే తప్ప మానకూడదు. చదవకపోతే అది నోటరీ దస్తావేజు విలువ కోల్పోయి, మామూలు ఒప్పందం కాగితంగా మిగిలిపోతుంది. ఆ పేజీ ప్రింటు నా సంచిలోనే ఉంది, బల్ల మీద పెట్టాను. గది నిశ్శబ్దమైపోయింది. నోటరీ స్వయంగా బయటికి వచ్చి, చదవాలంటే ఇవాళ కుదరదు, ఇంకో రోజు రమ్మన్నారు. క్షమించమని ఎవరూ అనలేదు. అంతమందిమీ కొండెక్కి వెళ్లిపోయాం. దారి పొడుగునా పెద్దన్నగారు, "మా వాళ్లు అలా అనకుండా ఉండాల్సింది" అని నొచ్చుకుంటూనే ఉన్నారు.

రెండోసారి చదివారు. విన్నాక తేలినవి ఇవి. బంజార్‌లో అందరూ ఒప్పుకున్న కాలిబాట దస్తావేజులో ఎక్కడా లేదు. బాట లేని తోటలోకి ఎగిరి వెళ్లాలా? లీజు మొత్తం మీద 10 శాతం పన్ను చట్టం ప్రకారం యజమాని ఆదాయం మీద పడేది, దాన్ని నా మీద రాశారు. ఆ కుటుంబం కూడా అప్పుడే విని ఆశ్చర్యపోయింది, వాళ్లు అడిగింది కాదు. అన్నిటికన్నా ఘోరం, పట్టా చనిపోయిన వాళ్ల తాతగారి పేరునే ఉంది, దస్తావేజులో వారసుల్లో ఒకాయన పేరే లేదు. మూడో తమ్ముడు చాలా ఏళ్ల క్రితం ప్రభుత్వ వలస పథకంలో సులవేసి దీవి మధ్య భాగానికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారట. రేపు ఆయనో, ఆయన కొడుకో వచ్చి నా సంతకం ఏదని అడిగితే నా లీజు ఏమవుతుంది?

ఊరి ఆఫీసులో వంశవృక్షం కాగితం రాయించి, పెర్బెకెల్, అంటే ఊరి సర్పంచ్ లాంటాయన, సంతకం తీసుకోవడం సులువుగా జరిగింది. సులవేసి తమ్ముడు అక్కడి నోటరీ ముందు అధికార పత్రం రాసి కొరియర్‌లో పంపారు. ఫోన్లో ఆయన గొంతు విని పెద్దన్నగారు ఏడ్చారు. బాట చేరింది, పన్ను యజమాని వైపుకి మారింది. అన్నీ నేను పట్టుబట్టి చదివించినందుకే. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల ముందూ ఇదే చూశాను. "ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా" అంటారు, మా అమ్మ వేసింది, ఏం రాశారో ఈ రోజుకీ ఆమెకు తెలియదు. చదవనివ్వకుండా పెట్టించుకునే సంతకం దొంగతనమే. మర్యాద పోతుందని ఆడవాళ్లు ముఖ్యంగా ఊరుకుంటారు. ఊరుకోకండి.

ఇండియాలో ఉంటూ ఇలాంటిది ఆలోచించేవాళ్లకు కొన్ని మాటలు. అయిదేళ్లు దాటిన లీజును మన ఫెమా (విదేశీ మారకపు చట్టం) నిబంధనలు విదేశంలో స్థిరాస్తి కొన్నట్టే చూస్తాయి. డబ్బు ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే రిజర్వు బ్యాంకు పథకం) కింద, మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితిలో, బ్యాంకు ద్వారానే పంపాలి. 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు ఆదాయపన్ను, బ్యాంకువాళ్లు పట్టుకుంటారు, అది రిటర్నులో సర్దుకోవచ్చు. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ తప్పక నింపండి. చేతికి చేతికి డబ్బు ఇచ్చే దారి చూపించేవాళ్ల మాట వినొద్దు.

ఇల్లు తీసుకుని గదులు అద్దెకిచ్చి సంపాదిద్దామనుకుంటే అది వేరే పని. నాలాంటి కితాస్ మీద సంపాదన కుదరదు. పీటీ పీఎంఏ, అంటే విదేశీ పెట్టుబడి కంపెనీ, పెట్టాలి, దానికి చూపించాల్సిన పెట్టుబడి ప్రణాళిక 1,000 కోట్ల రూపాయా, మన రూపాయల్లో అయిదు కోట్ల పైమాటే. యూట్యూబ్‌లో "చిన్న పెట్టుబడితో బాలిలో విల్లా" అనేవాళ్లు ఈ సంఖ్య చెప్పరు.

రావడానికి మేం జావా నుంచి రైల్లో కెతపాంగ్ దిగి, అక్కడ ఫెర్రీ ఎక్కి గిలిమనుక్ చేరి, సెరిరిత్ మీదుగా కొండెక్కుతాం. డెన్‌పసార్ నుంచైతే బెదుగుల్ దారి. న్యెపీ, అంటే బాలివాళ్లు మౌనంగా జరుపుకునే కొత్త సంవత్సరం, ఆ రోజు మాత్రం ప్రయాణం పెట్టుకోకండి, విమానాశ్రయం, ఫెర్రీ రెండూ మూసేస్తారు, ఇంట్లో దీపం కూడా బయటికి కనపడకూడదు. 2026లో అది మన ఉగాది నాడే, మార్చి 19న పడింది.

10 శాతం పన్ను కట్టిన రసీదు నకలు ఆ ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. సోమవారం ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే పెద్దన్నగారిని వెంటబెట్టుకుని మళ్లీ అదే బెంచీ మీద కూర్చుంటాను.